వరిగడ్డి తినే గేదెకు అంత ఒళ్లు ఎక్కడిది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా మేనల్లుడు గొడ్ల చావిడి దగ్గర నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. వాడు జిమ్‌కి వెళ్తాడు, రోజూ ఆరు గుడ్లు తింటాడు, ప్రోటీన్ పౌడరు కలుపుకుని తాగుతాడు, అయినా కిలో కండ పెరగడానికి నెలలు పడుతోందని వాడి బాధ. "మావయ్యా, ఈ గేదె ఐదొందల కిలోలు ఉంటుంది కదా, దీనికి గుడ్డు లేదు, పప్పు లేదు, పొద్దస్తమానం ఎండుగడ్డే. ఇంత ఒళ్లు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. పేడ ఎత్తుతున్న మా అమ్మ తల తిప్పకుండానే "దాని అరుగుదల అలాంటిదిరా" అంది. మనందరం చిన్నప్పట్నుంచీ వింటున్న జవాబే అది. కానీ నిజం వేరు. గేదెకి గడ్డి అరగదు. మనకెంత అరగదో దానికీ అంతే అరగదు. గడ్డిని అరిగించే ఎంజైము ఆవు ఒంట్లో గానీ, గుర్రం ఒంట్లో గానీ, ఏనుగు ఒంట్లో గానీ తయారవదు.

అలాగని గడ్డిలో బలం లేకపోలేదు. వేసవిలో గడ్డివాము అంటుకోవడం చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఊరంతా బిందెలు పట్టుకుని పరుగెత్తినా ఆరదు, పక్కనున్న కొబ్బరిచెట్టు మట్టలు కూడా మాడిపోతాయి. ఆ మంటంతా గడ్డిలో దాగి ఉన్న శక్తే. కిలో బియ్యాన్నీ, కిలో ఎండు వరిగడ్డినీ విడివిడిగా కాల్చి వేడి కొలిస్తే రెండింటికీ మనం అనుకున్నంత తేడా ఉండదు. ఎందుకంటే రెండూ ఎక్కువభాగం చక్కెరలతో, ముఖ్యంగా గ్లూకోజుతో కట్టినవే. బియ్యంలో అది పిండిపదార్థం, గడ్డిలో అది సెల్యులోజ్. ఇటుక ఒకటే, పేర్చిన తీరు వేరు. పిండిపదార్థంలో గ్లూకోజులన్నీ ఒకే వైపు తిరిగి ముడిపడి మెలికలు మెలికలుగా వదులుగా ఉంటాయి, మన ఉమ్మిలో ఉన్న ఎంజైమే వాటిని తెంపడం మొదలుపెడుతుంది. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. సెల్యులోజ్‌లో ప్రతి రెండో గ్లూకోజు తలకిందులుగా ముడిపడుతుంది, దాంతో గొలుసులు తిన్నగా సాగి, ఒకదాని పక్కన ఒకటి చేరి పగ్గంలా బిగుసుకుంటాయి. పైగా చుట్టూ లిగ్నిన్ అనే చెక్కపదార్థం ఒకటి, వరిగడ్డికైతే అదనంగా సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. వరి ఆకు ఒంటికి తగిలితే గీసుకుపోయి మంట పుట్టేది దీనివల్లే. ఈ బిగువును విప్పే ఎంజైము పాలిచ్చి పెంచే జంతువుల్లో దేనికీ సొంతంగా లేదు.

మరి విప్పేది ఎవరంటే, సూక్ష్మజీవులు. గేదె చేసే పనల్లా వాటికి ఒక ఇల్లు కట్టిపెట్టి, మేత నమిలి లోపలికి పంపి, చలి తగలకుండా, గాలి చొరకుండా, పులిసిపోకుండా కాపాడటం. మిగిలినదంతా అవే చూసుకుంటాయి.

ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లక్కర్లేదు, ఇంట్లో ఎప్పుడైనా బోటి శుభ్రం చేసినవాళ్లు దాన్ని చేత్తో పట్టుకునే ఉంటారు. మేక బోటిలో ఒక ముక్క నూగుగా టర్కీ తువ్వాలులా ఉంటుంది, ఇంకోటి తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది, ఇంకోటి పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా విడిపోతుంది. ఇవి నెమరువేసే జంతువు పొట్టలో మొదటి మూడు గదులు, నాలుగోది మన పొట్టలాంటి మామూలు పొట్ట. ఆ తువ్వాలు ముక్క ఉన్నదే పెద్దపొట్ట, రూమెన్ అంటారు. పెద్ద ఆవుకైనా గేదెకైనా అది నూరు లీటర్లు పట్టే తొట్టి, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. లోపల వేడి ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు. అందులోంచి ఒక్క మిల్లీలీటరు రసం తీస్తే, అంటే చిన్న చెంచాలో అయిదో వంతు, అందులో వెయ్యి కోట్లకు పైగా బాక్టీరియా ఉంటాయి. వాటితోపాటు ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు లక్షల్లో, కొద్దిగా శిలీంధ్రాలు. గాలి తగిలితే చచ్చిపోయే ఈ జీవులను బయట పెంచే పద్ధతిని రాబర్ట్ హంగేట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దంలో కనిపెట్టాడు కాబట్టి ఇవాళ మనం వీటి గురించి ఇంత మాట్లాడుకోగలుగుతున్నాం. శిలీంధ్రాల సంగతైతే 1975 దాకా ఎవరికీ సరిగ్గా తెలియలేదు. అప్పటిదాకా గాలి లేకుండా బతికే బూజు ఉంటుందంటేనే నమ్మేవాళ్లు కాదు.

మీ ఇంట్లో పశువుంటే ఇవాళే ఒక పని చేసి చూడండి. ఎడమ వైపు, ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య డొక్క మీద పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. ముందు ఏమీ తెలియదు. ఆ తర్వాత లోపల్నుంచి ఏదో బరువైనది మెల్లగా దొర్లినట్టయి మీ పిడికిలిని పైకి నెట్టి మళ్లీ దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పశువుకు రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లయినా అలా దొర్లాలి. ఆ తొట్టిలో పైన గడ్డి తేలుతూ ఉంటుంది, కింద నీళ్లు, అన్నిటికన్నా పైన గ్యాసు, ఆ దొర్లడం వాటిని కలియబెట్టడమన్నమాట. మనం పప్పు గుత్తితో ఎనిపినట్టు.

ఇక నెమరు. చెట్టు కింద పడుకున్న గేదె మెడ వైపు చూస్తూ ఉంటే చర్మం కింద ఒక ఉండ కింద నుంచి పైకి సర్రున పాకడం కనపడుతుంది, దవడ పక్కకు పక్కకు తిరగడం మొదలవుతుంది, నలభై నుంచి అరవై సార్లు నమిలి, మింగి, రెండు మూడు క్షణాలు ఆగి, మళ్లీ ఇంకో ఉండ. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఇదే పని. బద్ధకంగా పడుకున్నట్టు కనపడుతుంది గానీ అప్పుడే అసలు పని జరుగుతోంది. గడ్డి ఎంత చిన్న ముక్కలైతే సూక్ష్మజీవులు పట్టుకోవడానికి అంత చోటు దొరుకుతుంది. నమిలేటప్పుడు ఊరే ఉమ్మి ఇంకా ముఖ్యం, పెద్ద ఆవుకు రోజుకు నూరు లీటర్లు దాటుతుంది, అది మామూలు నీరు కూడా కాదు, అందులో వంటసోడా ఉంటుంది, రోజు మొత్తం మీద లెక్కేస్తే కిలోకు పైనే. ఇంత సోడా ఎందుకో కింద చెప్తాను, మా ఇంట్లో ఒక గేదె ప్రాణం దాని మీదే ఆధారపడింది.

సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను విప్పి గ్లూకోజు చేస్తాయి, ఆ గ్లూకోజును గేదెకు ఇవ్వవు, అవే తినేస్తాయి. గాలి లేని చోట బతుకుతున్నాయి కాబట్టి మనలా దాన్ని పూర్తిగా కాల్చుకోలేవు, సగంలో వదిలేస్తాయి. ఆ వదిలేసినవే ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అనే మూడు ఆమ్లాలు. మొదటిది వెనిగర్‌లో ఉండేదే. వాటికి పనికిరాని ఈ పులుపే గేదెకు కూడు. తువ్వాలు లాంటి ఆ గోడ గుండా నేరుగా రక్తంలోకి పోతుంది, గేదెకు అందే శక్తిలో సుమారు 70 శాతం ఇదే. రోజంతా మేసే జంతువు పేగుల్లోకి గ్లూకోజు దాదాపు చేరనే చేరదంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం, పాలల్లో చక్కెరకు కావలసిన గ్లూకోజును కూడా దాని కాలేయమే ఎక్కువగా ప్రొపియోనిక్ ఆమ్లంలోంచి తయారు చేసుకుంటుంది. పాలల్లో వెన్నలో పెద్ద భాగం ఎసిటిక్, బ్యూటిరిక్ ఆమ్లాల్లోంచి వస్తుంది. దాణా ఎక్కువై గడ్డి తగ్గితే పాలల్లో వెన్నశాతం పడిపోయి పాలకేంద్రంలో రేటు తగ్గడం పాడి రైతులందరికీ అనుభవమే, అందులో పెద్ద కారణం ఇక్కడే ఉంది.

ఇందులో నష్టం కూడా ఉంది. పులిసేటప్పుడు పుట్టే హైడ్రోజన్‌ను ఇంకో రకం జీవులు మీథేన్‌గా మార్చి వదిలించుకుంటాయి, అది తేన్పుల రూపంలో నోటి గుండానే ఎక్కువ బయటకు పోతుంది. తిన్న శక్తిలో వందకు ఆరు వంతుల దాకా ఇలా గాల్లో కలిసిపోతుంది. గోబర్ గ్యాసు తొట్టిలో జరిగేదీ ఇలాంటిదే, పేడలో మిగిలిపోయిన దాన్ని మళ్లీ గాలి లేని చోట పులియబెట్టి ఆ మీథేన్‌ను పొయ్యి కింద వెలిగించుకుంటున్నాం.

మేనల్లుడు అడిగింది శక్తి గురించి మాత్రమే కాదు, కండ గురించి. వరిగడ్డిలో ప్రోటీన్ నూటికి మూడు నాలుగు వంతులు మించదు, అదీ సగానికి సగం అందదు. మరి కండ ఎక్కడిది? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పెద్దపొట్టలో పెరిగిన సూక్ష్మజీవులు మేత రసంతో కలిసి కొన్ని కొన్ని చొప్పున ముందుకు కొట్టుకుపోయి నాలుగో గదిలో పడతాయి. అక్కడ ఆసిడ్ ఉంటుంది, బాక్టీరియా గోడలను పగలగొట్టే లైసోజైమ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. మన కన్నీళ్లలో క్రిములను చంపడానికి ఉండే ఎంజైమే అది, ఆవు దాన్ని తిండి అరిగించుకోవడానికి వాడుకుంటుంది. (మన ఊళ్లలో తిరిగే కొండముచ్చు కూడా ఇలాగే ఆకులను ముందు పొట్టలో పులియబెట్టి బతికే జంతువు, దాని పొట్టలోనూ ఇదే ఏర్పాటు, ఆవుకూ కొండముచ్చుకూ దగ్గరి చుట్టరికం లేకపోయినా ఎవరికి వారు ఒకే దారి పట్టారు.) అలా పగిలిన సూక్ష్మజీవుల ఒంట్లో సగం దాకా ప్రోటీనే. గేదె పేగులకు చేరే ప్రోటీన్లో సగానికి పైన, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఇలా వచ్చిందే. అంటే గేదె పైకి గడ్డి తింటున్నట్టు కనపడుతుంది, లోపల మాత్రం రోజూ కోట్లాను కోట్ల ప్రాణులను పెంచి తింటోంది. మా వాడు ఆరు గుడ్లు కొనుక్కుని తింటున్నాడు, గేదె కోళ్ల ఫారమే పొట్టలో పెట్టుకుంది.

ఆ సూక్ష్మజీవులకు ప్రోటీన్ అక్కర్లేదు, యూరియా, అమ్మోనియా లాంటి రూపంలో నత్రజని దొరికినా దాంతో ప్రోటీన్ కట్టుకుంటాయి. ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆర్తురి విర్తానెన్, 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ తీసుకున్నాయన, ఆవులకు ప్రోటీన్ అన్నదే లేకుండా శుద్ధి చేసిన పిండిపదార్థం, సెల్యులోజ్, చక్కెర, యూరియా, అమ్మోనియం లవణాలు పెట్టి చూశాడు. ఆవులు బతికాయి, ఈనాయి, పాలిచ్చాయి. 1966లో ఆ ఫలితాలు ప్రచురించాడు. గేదె ఒంట్లో కూడా రోజూ ఇది కొంత జరుగుతూనే ఉంటుంది, మూత్రంలో పోవలసిన యూరియాలో కొంత ఉమ్మి గుండా, పొట్ట గోడ గుండా మళ్లీ పెద్దపొట్టకే చేరుతుంది, నత్రజని కరువైనప్పుడు మరీ ఎక్కువగా. మేత దొరకని రోజుల్లో బక్కచిక్కైనా పశువు నిలబడిందంటే ఈ పొదుపు వల్లే. ఇది చదివి ఎవరూ యూరియా తీసుకెళ్లి కుడితిలో కలపొద్దు, దయచేసి. మోతాదు కాస్త మించితే అమ్మోనియా రక్తంలోకి ఎక్కి గంటల్లో పశువు చచ్చిపోతుంది. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా మూడు వారాలు కప్పిపెట్టి మాగబెట్టే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని కూడా పశువైద్యుణ్ని అడిగి, ఒకసారి దగ్గరుండి చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు మా గేదె సంగతి. మా అక్క పెళ్లికి అన్నం బాగా మిగిలిపోయింది. పారేయడం పాపమని రెండు బకెట్ల అన్నం, దాని మీద మిగిలిన పాయసం, చూడి గేదెకు గాట్లో పోశారు. ఎంత ఇష్టంగా తిందో నాకింకా గుర్తుంది. మర్నాడు పొద్దున్న లేవలేదు. ఎడమ డొక్క ఉబ్బి ఉంది, చెయ్యి పెడితే లోపల నీళ్లు తొణికినట్టు ఉంది గానీ ఏదీ దొర్లడం లేదు, నెమరు లేదు, పలచగా పోతున్న పేడ పుల్లటి వాసన కొడుతోంది. డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రెండో రోజు రాత్రి పోయింది, కడుపులో దూడతో సహా. చాలా ఏళ్ల తర్వాత గానీ ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. గడ్డిని విప్పే జీవులు నిదానంగా పని చేస్తాయి, పులుపు నిదానంగా పుడుతుంది, పుట్టింది పుట్టినట్టు రక్తంలోకి పోతుంది, మిగిలినదాన్ని ఉమ్మిలో సోడా విరుస్తుంది. అన్నం పడేసరికి పిండిని ఇష్టపడే వేరే జీవులు ఒక్కసారిగా పెరిగి గంటల్లో లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి, పెరుగులో పులుపు అదే. అన్నం నమలక్కర్లేదు, నమలకపోతే ఉమ్మి ఊరదు, ఉమ్మి లేకపోతే సోడా లేదు. తొట్టంతా పులిసిపోయి గడ్డి జీవులు మూకుమ్మడిగా చచ్చిపోతాయి, ఆ పులుపు రక్తానికి ఎక్కుతుంది.

గృహప్రవేశాలకీ, పుట్టినరోజులకీ గోశాలకు వెళ్లి ఆవుల ముందు అన్నం, బ్రెడ్డు, అరటిపళ్లు, పిండివంటలు కుప్పగా పోసి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. వాళ్ల మనసు మంచిదే. పెట్టాలనుకుంటే ఒక మోపు పచ్చిగడ్డి పెట్టండి, అంతకు మించిన పుణ్యం లేదు. దాణా కొత్తది మొదలుపెట్టినా, ఎక్కువ చేసినా, పది పదిహేను రోజుల మీద కొంచెం కొంచెంగా పెంచాలి, లోపలి జనాభా మారడానికి అంత సమయం కావాలి. మనం మేపుతున్నది గేదెను అనుకుంటాం గానీ ముందు మేపాల్సింది దాని పొట్టలో ఉన్నవాటిని. అవి బాగుంటే గేదె దానంతటదే బాగుంటుంది.

వట్టి వరిగడ్డితో గేదె పెరుగుతుందా అంటే, పెరగదు. మా వాడు చూసిన గేదెకు ఎండుగడ్డితోపాటు తవుడు, చిట్టు, పత్తిచెక్క, సాయంత్రానికి కాస్త పచ్చిగడ్డి పడుతున్నాయి, వాడి కంట పడలేదంతే. లెక్క చూడండి, ఇది ఉజ్జాయింపు లెక్కే. 400 కిలోల గేదె ఏ పనీ చెయ్యకుండా, పెరక్కుండా, పాలివ్వకుండా ఊరికే బతకడానికే రోజుకు సుమారు 11,500 కిలోక్యాలరీలు ఒంటపట్టాలి. వట్టి ఎండుగడ్డి వేస్తే అది ఆరు కిలోలకు మించి తినలేదు, ఆకలి తీరి కాదు, పొట్ట ఖాళీ కాక. నత్రజని చాలక సూక్ష్మజీవులు పెరగవు, అవి పెరగకపోతే గడ్డి విడదు, విడకపోతే కదలదు. ఆ ఆరు కిలోల్లో ఉన్నది 22 వేల కిలోక్యాలరీలు, అరిగేది అందులో సగం కన్నా తక్కువ, మీథేన్ పోగా మూత్రంలో పోగా చేతికి మిగిలేది 8 వేలు. రోజుకు మూడున్నర వేలు అప్పు. ఆ అప్పు వీపు మీది కొవ్వులోంచి, కండలోంచి తీరుతుంది, వేసవి చివరికి డొక్కలెండిన పశువులు అలా తయారైనవే. అదే గేదెకు మంచి పచ్చిమేత, పప్పుజాతి మేత కలిపి వేస్తే ఎండు బరువులో పది కిలోల దాకా తింటుంది, ఒంటపట్టేది 18 వేలు దాటుతుంది, బతకడానికి పోను మిగిలిన ఆరేడు వేలతోనే పెరగడమైనా, పాలైనా.

మన కోస్తా జిల్లాల్లో వరి కోతలకు ముందు చేలో పిల్లిపెసర చల్లేవాళ్లు, జనుము చల్లేవాళ్లు, రెండూ పప్పుజాతి మేతే. కోతలయ్యాక ఆ పదునుకే మేత పెరిగేది. దాన్ని ఎండుగడ్డిలో కలిపి వేస్తే పిల్లిపెసర తన బలం తాను ఇవ్వడమే కాదు, అందులోని నత్రజనితో సూక్ష్మజీవులు పుంజుకుని ఆ ఎండుగడ్డిని కూడా ఎక్కువ విప్పుతాయి. ఈ శాస్త్రం వాళ్లెవరికీ ఎవరూ చెప్పలేదు, పశువు ఒంటి మెరుపు చూసి తెలుసుకున్నారు. ఇప్పుడు కోతమిషన్లు వచ్చాక చాలా చోట్ల గడ్డి చేలోనే తగలబడుతోంది, పిల్లిపెసర విత్తనం దొరకడమే కష్టమైపోయింది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

ఇక ఏనుగు. ఏనుగు నెమరు వెయ్యదు, దానికి నాలుగు గదుల పొట్ట లేదు. దాని పులియబెట్టే తొట్టి వెనకాల, పెద్దపేగులో ఉంటుంది, గుర్రానికీ ఖడ్గమృగానికీ కూడా అంతే. పులుపు అక్కడ కూడా రక్తంలోకి పోతుంది కాబట్టి శక్తి వస్తుంది. కానీ ప్రోటీన్ అరిగే చోటు దాటిపోయాక తొట్టి ఉండటంతో, అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు చాలావరకు పేడలో పోతాయి. కుందేలుకూ ఇదే ఇబ్బంది, అందుకే అది ఒక రకం మెత్తటి పెంటికలను తానే మళ్లీ తింటుంది. ఏనుగు అలా చెయ్యదు, ఎక్కువ తింటుంది, అంతే. రోజుకు 16 నుంచి 18 గంటలు మేస్తుంది, 150 కిలోల దాకా పచ్చిమేత లోపలికి పోతుంది, అందులో సగం కూడా అరగదు, ఒకటి ఒకటిన్నర రోజుల్లో బయటకు వచ్చేస్తుంది. ఆవు పొట్టలో ఎండుగడ్డి రెండు మూడు రోజులు ఉంటుంది.

ఈ తేడా పేడలో తెలుస్తుంది. ఏనుగు పేడ విప్పితే పుల్లలు, పీచు, గింజలు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. ఆవు పేడ మెత్తగా నలుగుతుంది, గోడకు పూసినా నేల అలికినా పలచగా పరుచుకుంటుంది, పిడక చేస్తే పిడకవుతుంది. పెద్దపొట్ట నుంచి ముందుకు పోయే దారి జల్లెడ లాంటిది, మేత బాగా నలిగితే గానీ దాన్ని దాటలేదు. వాకిట్లో కళ్లాపి చల్లగలుగుతున్నామంటే ఆ జల్లెడ, ఆ ఎనిమిది గంటల నెమరు వల్లే. పట్నాల్లో ఆవులు మింగిన ప్లాస్టిక్ కవర్లు బయటకు రాకపోవడానికి కూడా ఆ జల్లెడే కారణం, అవి ఎన్నటికీ నలగవు, దాటవు, ఏళ్ల తరబడి పోగుపడతాయి, ఆపరేషన్ చేసి పదుల కిలోలు తీసిన సందర్భాలు ఎన్నో. పొట్టంతా కవర్లే అయ్యాక ఇక మేతకు చోటేదీ.

జల్లెడ ఉన్న జంతువు ఒక హద్దు దాటి పెరగలేదని కూడా చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటారు. నెమరువేసేవాటిలో అన్నిటికన్నా బరువైనవి జిరాఫీ, మన పాపికొండల్లో కూడా తిరిగే అడవిదున్న, అవి టన్ను, టన్నున్నర దగ్గర ఆగిపోయాయి. ఏనుగు నాలుగు టన్నులు అవలీలగా దాటుతుంది. పెద్ద శరీరమే ఒక లాభం మరి. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో చూపించిన లెక్క ప్రకారం బరువు పెరిగినంత వేగంగా తిండి అవసరం పెరగదు. 20 గ్రాముల ఎలుకలు రెండు లక్షలు కలిస్తే ఒక నాలుగు టన్నుల ఏనుగు బరువు. ఆ ఎలుకలన్నీ కదలకుండా బతకడానికే ఏనుగుకు కావలసిన శక్తికి ఇరవై రెట్లు కావాలి. పొట్ట మాత్రం బరువుతోపాటే పెరుగుతుంది. కిలో ఒంటికి అవసరం తక్కువ, పులియబెట్టే చోటు ఎక్కువ, కాబట్టి ఎలుక ఆకలితో చచ్చిపోయే నాసిరకం మేత మీద ఏనుగు హాయిగా బతుకుతుంది. అందుకే గడ్డి తిని కూడా ఎలా అంత పెద్దవయ్యాయి అని అడగడం కన్నా, పెద్దవి కాబట్టే గడ్డితో బతకగలుగుతున్నాయి అనుకోవడం నయం. అలాగని మంచి తిండి దొరికితే వదులుకోదు. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల్లోకి 1980లలో వచ్చిన ఏనుగులు రాత్రుళ్లు చెరకు, వరి, అరటి తోటల మీద ఎందుకు పడతాయంటే, అడవిలో రోజంతా మేస్తే వచ్చేది తోటలో కొన్ని గంటల్లో వస్తుంది. పంట పోయిన రైతు కడుపుకోత మనం అర్థం చేసుకోవాల్సిందే, కానీ ఏనుగు పగబట్టి వచ్చిందనే మాట మాత్రం నిజం కాదు.

ఈ పద్ధతిని చివరి హద్దు దాకా తీసుకెళ్లినవి పొడుగు మెడ డైనోసార్లు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిందే, దాని శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది. దాని తల ఎముకలు దొరకలేదు, అక్కడ పెట్టిన తల ఊహించి చేసినదే, అయినా ఈ రకం డైనోసార్లకు ఒంటితో పోలిస్తే తల చాలా చిన్నది. ఈ జాతివి నమిలేవి కావు, తెంపి మింగేసేవి. నమిలే దవడలు, దంతాల బరువు లేదు కాబట్టి తల తేలిక, తల తేలిక కాబట్టి మెడ పొడుగు, మెడ పొడుగు కాబట్టి నిలబడ్డ చోటు నుంచే చుట్టూ ఉన్నదంతా మెయ్యొచ్చు. నలగని ఆకును ఆ మహా కడుపులో రోజుల తరబడి పులియబెట్టుకునేవని అంచనా.

ఒక్క విషయం మిగిలింది. డైనోసార్ల సంగతి పక్కన పెడితే, వేగంగా పెరిగే వయసులో గేదె గానీ, ఆవు గానీ, ఏనుగు గానీ గడ్డి మీద పెరగవు, పాల మీద పెరుగుతాయి. పుట్టిన దూడకు పెద్దపొట్ట పేరుకే ఉంటుంది, నాలుగో గదే పెద్దది. అది పొదుగు కుడిచేటప్పుడు అన్ననాళం చివర ఒక మడత మూసుకుని గొట్టంలా మారి, పాలు పెద్దపొట్టలో పడకుండా నేరుగా నాలుగో గదికి చేరుస్తుంది. అంటే కొన్ని వారాల పాటు దూడ మనలాంటి జీవే, పాలు తప్ప దానికి వేరే దారి లేదు. ఆ సమయంలో చేపుకు రెండు గుక్కలు తాగనిచ్చి లాగేసి, "గడ్డి తింటుందిలే" అని కట్టేస్తే అది తినలేదు, తిన్నా విప్పేవాళ్లు లోపల ఇంకా చేరలేదు. గేదెల్లో దున్నదూడలకు ఎక్కువగా ఇదే గతి పడుతోంది, పొట్ట ముందుకు పొడుచుకొచ్చి, వెన్ను ముళ్లు తేలి, రెండు నెలలకే పోతాయి. రోగం వచ్చి పోయిందంటారు గానీ చాలావాటికి ముందు వచ్చింది ఆకలే.

తల్లి మూతి నాకుతూ, తల్లి తిన్న గాట్లోనే మూతి పెడుతూ, దూడ మొదటి సూక్ష్మజీవులను అక్కణ్ణుంచే తెచ్చుకుంటుంది. రెండో వారంలో ఒకటి రెండు గడ్డిపరకలు కొరుకుతుంది, నాలుగు దాణా గింజలు నాకుతుంది. లోపల కొద్దికొద్దిగా పులుపు పుట్టి, ఆ పులుపు తగిలి గోడ మీద తువ్వాలు నూగు లేస్తుంది. మా చావిడిలో మొన్న ఈనిన గేదెకు పెయ్యదూడ పుట్టింది, పదిహేడో రోజు సాయంత్రం అది తల్లి పక్కన పడుకుని, నోట్లో ఏమీ లేకుండానే దవడ పక్కకు తిప్పడం చూసి మా అమ్మ నన్ను కేకేసింది. దగ్గరికెళ్లి చూస్తే మెడ కింద చిన్న ఉండ ఒకటి పైకి పాకుతోంది.